‘పూరా బదల్నా పడ్తా’ అనే ఫైసలా ఎవరిది?

పాత హైబ్రిడ్ కారు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగిందంటే చాలు, ఇంట్లో గాభరా మొదలవుతుంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు స్కానర్ తగిలించి, తెర చూసి, మన మొహం చూసి ఒక్క ముక్క అంటాడు: ‘బ్యాటరీ ప్యాక్ మొత్తం మార్చాలండి. లక్షల్లో అవుద్ది.’ అదే మాట మొహల్లాకి వచ్చేసరికి మన జబాన్‌లోకి మారుతుంది: ‘పూరా బదల్నా పడ్తా భాయ్, నై తో బేచ్ డాలో.’ పదినిమిషాల్లో ఫైసలా అయిపోతుంది. తహకీఖాత్ లేదు, గవాహీ లేదు, కనీసం వోల్ట్ మీటరు ముల్లు కూడా ఎక్కడా ఆనించలేదు. నా ఝగడా ఈ ఫైసలాతోనే.

ఆ కుర్రాడిని తిట్టడం తేలిక. కానీ అతని తెర మీద కనిపించిందేమిటో ముందు చూడండి. టొయోటా హైబ్రిడ్లలో తరచూ వచ్చే కోడ్ పి0ఎ80. దానికి ఇంగ్లీషులో పెట్టిన పేరే ‘రీప్లేస్ హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్’. అంటే మర్జ్ పేరు రాయాల్సిన చోట దవా పేరు రాశారు. అదీ దుకాణంలో అన్నిటికంటే ఖరీదైన దవా! ఏ హకీమ్ అయినా నబ్జ్ పట్టుకుని ‘జ్వరం ఉంది’ అంటాడు. ‘నీకు ఆపరేషన్ ఉంది’ అనే హకీమ్ దగ్గరికి మీరు మీ అమ్మీని తీసుకెళ్తారా?

నిజానికి కారు కంప్యూటర్‌కి తెలిసింది చాలా కొంచెం. 2010లో మన దేశానికి వచ్చిన ప్రియస్‌లో పెద్ద బ్యాటరీ అంటే ఒకే డబ్బా కాదు. 28 చిన్న మాడ్యూళ్ల వరస. ఒక్కోటి 7.2 వోల్టులు, అన్నీ కలిస్తే 201.6. 2013లో బిడది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన క్యామ్రీ హైబ్రిడ్‌లో 34 మాడ్యూళ్లు, 244.8 వోల్టులు. కంప్యూటర్ వీటిని రెండేసి చొప్పున జతలుగా కొలుస్తుంది. ఒక జతకీ మరో జతకీ మధ్య తేడా హద్దు దాటితే ఆ కోడ్ వేస్తుంది. ఒక మాడ్యూల్ చచ్చిందా, వాటిని కలిపే రాగి పట్టీకి చిలుం పట్టిందా, వోల్టేజీ కొలిచే సన్నటి తీగ కొసన తుప్పు చేరిందా అన్నది దానికి తెలియదు. అది తెలుసుకోవడానికే అల్లాహ్ మనిషికి కళ్లూ చేతులూ ఇచ్చాడు.

మన వైపు ఈ బళ్లు ఎలా చేరుతున్నాయో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో ఒకరు వాడి, విశాఖలో మరొకరు వాడి, మూడో చేతికి సిక్కోలు, విజయనగరం వస్తాయి. క్యామ్రీలు, 2008 నాటి సివిక్ హైబ్రిడ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎక్కువ కనిపించేవి 2015లో వచ్చిన సియాజ్, ఎర్టిగా ఎస్‌హెచ్‌వీఎస్ డీజిల్ బళ్లు. వీటి దగ్గరే మొదటి ధోఖా జరుగుతుంది కాబట్టి ఆ మాట ముందు తేల్చేద్దాం.

వెనక ‘హైబ్రిడ్’ అన్న బిళ్ల ఉన్నంత మాత్రాన దాని కడుపులో రెండొందల వోల్టుల బ్యాటరీ ఉండదు. ఎస్‌హెచ్‌వీఎస్ అనేది మైల్డ్ హైబ్రిడ్. ఆల్టర్నేటర్ స్థానంలో స్టార్టర్ పని కూడా చేసే జనరేటర్ ఉంటుంది, అంతే. బ్యాటరీ మీద ఆ కారు పది గజాలు కూడా నడవదు. డీజిల్ బండిలో ఉన్నది కాస్త పెద్ద కెపాసిటీ ఉన్న పన్నెండు వోల్టుల సీసం బ్యాటరీ. 2018 తర్వాతి పెట్రోల్ సియాజ్‌లో దానికి తోడు ఒక చిన్న లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది, అదీ పన్నెండు వోల్టుల పనే. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం మానేసిందంటే ముందు అనుమానించాల్సింది ఆ సీసం బ్యాటరీనే. పోయినసారి ఎవరో సస్తా బ్యాటరీ వేసి ఉంటారు, దానికి ఆ బరువు మోసే తాఖత్ ఉండదు. ఈ బళ్ల యజమానులకి ‘హైబ్రిడ్ బ్యాటరీ, లక్షలు’ అని చెప్పి భయపెట్టి, సగం ధరకి బండి లాక్కునే బేరగాళ్లు ఉన్నారు. దీన్ని తిజారత్ అనరు, లూట్ అంటారు.

ఇప్పుడు అసలైన హైబ్రిడ్ల సంగతి. వాటిలో రెండు బ్యాటరీలుంటాయి. పెద్దది బండిని లాగుతుంది, చిన్నది కంప్యూటర్లని మేల్కొల్పుతుంది. పెద్ద బ్యాటరీని బండికి కలిపే రిలేలు కూడా ఆ చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ హుకుం ఇస్తేనే మూసుకుంటాయి. కాబట్టి పెద్దది నిండుగా ఉన్నా చిన్నది నీరసపడితే బండి ‘రెడీ’ అనదు. నీరసపడ్డ ముసలాయన ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు పిలిచినట్టు, వోల్టేజీ చాలని కంప్యూటర్లు ఒకదానికొకటి సంబంధం లేని కోడ్లన్నీ ఒకేసారి వేస్తాయి. బ్రేకు దీపం, హైబ్రిడ్ దీపం, స్టీరింగ్ దీపం, ఉర్స్‌లో దర్గాకి కట్టిన సీరియల్ బల్బుల్లా అన్నీ వెలుగుతాయి. తెర ఆరిపోతుంది, లేదా వెలిగి ఆరి వెలుగుతుంది. ఈ హంగామా చూసి పెద్ద బ్యాటరీకి జనాజా నమాజు చదివేస్తారు!

ముందు డిక్కీ తెరవండి. ప్రియస్‌లో, క్యామ్రీలో ఆ చిన్న బ్యాటరీ అక్కడే ఉంటుంది. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే మీటరు పెట్టండి. 12.6 దగ్గర ఉంటే ఆరోగ్యం. 12 కంటే కిందకి పోయిందంటే ఇంక ఏ కోడునీ నమ్మొద్దు. దాన్ని చార్జ్ చేసి, కోడ్లు చెరిపి, మళ్లీ చూడండి. బండి రెడీ అన్నాక అదే చోట దాదాపు 14 వోల్టులు రావాలి. ఈ బళ్లలో ఆల్టర్నేటర్ ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టర్ చిన్నదానికి తినిపిస్తుంది. 14 రాకపోతే తినిపించే చోట లోపం. పిల్లాడు బక్కగా ఉన్నాడని పిల్లాడినే మార్చేస్తామా?

కొత్తది వేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. అది మనుషులు కూర్చునే చోట ఉండే బ్యాటరీ కాబట్టి గ్యాస్ బయటకి పోయే గొట్టం ఉన్న రకం వేయాలి. ఆటో బ్యాటరీ సైజు సరిపోయిందని ఇరికించేవాళ్లు మీ పిల్లల ఊపిరితో ఆడుకుంటున్నారు. ఎదురు కరెంటు కలిపి జంప్ ఇచ్చినా ఇన్వర్టర్ దాకా నుక్సాన్ పోతుంది. ఎరుపు, నలుపు తేడా చూసే సబర్ లేనివాడి చేతికి కేబుళ్లు ఇవ్వకండి.

ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి వైపు నుంచి ఖలీజ్ దేశాలకి వెళ్లినవాళ్లు ఇంటి దగ్గర వదిలే బళ్లకి ఈ చిన్న బ్యాటరీ రోగం తప్పదు. పదకొండు నెలలు గొడుగు కప్పి పెట్టి, సెలవుకి వచ్చిన రోజు తాళం తిప్పితే బండి పలకదు. పలకదు మరి! నిద్రలో కూడా కంప్యూటర్లు చుక్కచుక్కగా తాగుతూనే ఉంటాయి. పెద్ద బ్యాటరీ కూడా ఊరికే కూర్చుంటే తనంతట తానే ఖాళీ అవుతుంది. వారానికోసారి ఇంట్లో ఎవరైనా బండిని రెడీలో పెట్టి అరగంట ఉంచితే చాలు. గేరు ‘పి’లో ఉండాలి సుమా, ‘ఎన్’లో ఉంటే చార్జింగ్ జరగదు. ఈ ఒక్క ముక్క అమ్మేవాడు కొనేవాడికి ఎందుకు చెప్పడు? చెప్తే ఏం పోతుంది అతనికి?

తెర విషయానికొద్దాం. అమెరికాలో చదువుకునే మన పిల్లల్లో రెండో తరం ప్రియస్, అంటే 2004 నుంచి 2009 మధ్యది, కొన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. బండి నడుస్తూనే ఉంటుంది, స్పీడు మీటరు మాత్రం చీకటి. దుకాణం వాడు మీటరు డబ్బా మొత్తం మార్చాలంటాడు. చాలా బళ్లలో అసలు దోషి బోర్డు మీది ఒక చిన్న కెపాసిటర్. టీవీలు బాగుచేసిన చేయి అయితే చాయ్ చల్లారే లోపు దాన్ని ఊడదీసి కొత్తది అతికిస్తుంది. మన ఊళ్లల్లో టీవీ, రేడియో కారీగర్లు ఎంతమంది పని లేక సెల్‌ఫోన్ రీచార్జి కొట్లు పెట్టుకున్నారో లెక్క వేయండి. ఆ హునర్ చచ్చిపోలేదు, దాన్ని ఎవరూ కార్ల దగ్గరికి పిలవలేదు.

ఏ బండి తెర ఆరినా క్రమం ఒకటే. చిన్న బ్యాటరీ, తర్వాత ఫ్యూజు, తర్వాత వెనక ప్లగ్గులు, తర్వాత బోర్డు మీద టాంకం. డబ్బా ధర మాట్లాడాల్సింది ఇవన్నీ అయ్యాకే. ఇంకో మాట. బండి తిరిగిన కిలోమీటర్ల లెక్క ఆ మీటరులోనే ఉంటుంది. పాత బండి నుంచి తెచ్చి వేసిన మీటరు వేరే బండి లెక్క చూపిస్తుంది. మార్చినప్పుడు పాత అంకె కాగితం మీద రాసి ఉంచండి, అమ్మేటప్పుడు ఆ కాగితం చూపించండి. అది మీ దగ్గరున్న అమానత్.

ఇక పెద్ద బ్యాటరీ. దానికి మన సముద్రతీరం పెద్ద ఇమ్తిహాన్. వెనక సీటు దగ్గర ఒక జాలీ ఉంటుంది చూశారా? బ్యాటరీ ఊపిరి పీల్చేది దాని నుంచే, మీరు కూర్చున్న చోటి గాలే దానికి చల్లదనం. పలాస జీడిపప్పు బట్టీల మసి, ఊళ్ల రోడ్ల దుమ్ము, దుప్పట్ల నూలు అన్నీ అక్కడ చేరి లోపలి ఫ్యాన్‌ని మూసేస్తాయి. దానికి తోడు మనం పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు ఆ జాలీకి అడ్డంగా పరుపుల మూట పెడతాం, వలీమా నుంచి తిరిగొచ్చేటప్పుడు వేడి బిర్యానీ గిన్నె పెడతాం. పెట్రోల్ మిగుల్చుదామని మే నెలలో ఏసీ కట్టేస్తాం. ఆ మిగిలిన పెట్రోల్ లెక్క తర్వాత బ్యాటరీ వసూలు చేసుకుంటుంది. వెనక నుంచి హోరుమని ఫ్యాన్ చప్పుడు వస్తే, బ్యాటరీ గీతలు నిండుగా ఉండి రెండు నిమిషాల్లో అడుక్కి జారిపోతుంటే, అది ముందస్తు ఖబర్. ఫ్యాన్ తీసి కడిగించండి. కొన్ని బళ్లకి ఇంతే ఇలాజ్.

ఉప్పుగాలికి రాగి ఏమవుతుందో కళింగపట్నం వైపు ఇళ్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మాడ్యూళ్లని కలిపే పట్టీలు పచ్చగా చిలుం పడతాయి. చిలుం పట్టిన చోట కరెంటు ఆగి వేడెక్కుతుంది, కంప్యూటర్‌కి ఆ జత బలహీనంగా కనిపిస్తుంది, పి0ఎ80 వేస్తుంది. పట్టీలు విప్పి, శుభ్రంగా గీకి, సరైన బిగువుతో బిగిస్తే కోడు తిరిగి రాని బళ్లున్నాయి. నేననేది ఒక్కటే. ఈ పని చేసి చూడకుండా ‘పూరా బదల్నా’ అన్నవాడు అబద్ధమైనా ఆడుతున్నాడు, తెలియకైనా మాట్లాడుతున్నాడు.

మాడ్యూళ్లు నిజంగా చచ్చే బళ్లూ ఉంటాయి, లేవనను. అక్కడ లెక్క సీదా. ఒక మాడ్యూల్‌లో ఆరు సెల్స్, ఒక్కోటి 1.2 వోల్టులు. పక్కవాటికంటే ఒక మాడ్యూల్ సుమారు 1.2 వోల్టులు తక్కువ చూపితే దానిలో ఒక సెల్ పోయినట్టు. తరచూ మధ్యలోవి ముందు పోతాయి, వేడి అక్కడే ఎక్కువ. ఊరికే కొలిస్తే చాలదు. హెడ్‌లైట్ బల్బు లాంటి బరువు పెట్టి, ఏది ఎంత జారుతుందో 28కి 28 కాగితం మీద రాయాలి. ఇక్కడ మన మొహల్లా ఉస్తాద్‌లతోనూ నాకు పేచీ ఉంది. సర్వీస్ సెంటర్ మీద పడే కోపమంతా పడి, ఇక్కడ వీడియో చూసి నేర్చుకున్న ఆధా ఇల్మ్‌తో ఒక్క మాడ్యూల్ మార్చి ‘కొత్తదైపోయింది’ అని డబ్బు తీసుకునేవాడిని కారీగర్ అనలేం. పన్నెండేళ్లు అరిగిన 27 మాడ్యూళ్ల మధ్య బలమైనది ఒకటి పెడితే మూడు నెలల్లో ఇంకోటి పడిపోతుంది, మళ్లీ డబ్బు. చచ్చినదాని స్థానంలో దాదాపు అదే వయసు, అదే కెపాసిటీ ఉన్నది వెతికి వేయాలి, అన్నిటినీ సమానంగా చార్జ్ చేసి మూసేయాలి. ‘ఇది ఏడాది, ఏడాదిన్నర గడిపే మరమ్మతు, కొత్త ప్యాక్ కాదు’ అని మొహం మీద చెప్పాలి. ఆ మాట చెప్పినవాడి కమాయి హలాల్. దాచినవాడిదీ, సర్వీస్ సెంటర్‌దీ ఒకటే జాతి.

‘హై వోల్టేజ్ భాయ్, మన కుర్రాళ్లు చచ్చిపోతారు, కంపెనీవాళ్లే ముట్టుకోవాలి’ అనే వాదన ఒకటుంది. దీన్ని తీసిపారేయను. రెండొందల వోల్టుల డీసీ పట్టుకుంటే వదలదు. నారింజ రంగు కేబుల్ కనిపించిన చోట చేతులు వెనక్కి తీసుకోవాలి. పని మొదలుపెట్టేముందు పన్నెండు వోల్టుల వైరు విప్పాలి, వెయ్యి వోల్టులకి తట్టుకునే రబ్బరు గ్లౌజులు తొడగాలి, సర్వీస్ ప్లగ్ లాగి జేబులో వేసుకోవాలి, ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా పది నిమిషాలు ఆగాలి, మీటరుతో సున్నా చూశాకే ముట్టుకోవాలి. ప్లగ్ లాగినా బ్యాటరీ డబ్బాలో కరెంటు ఉంటుంది, అది మర్చిపోయినవాడు పనికి రాడు. ఇదంతా నిజమే. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ ఉద్దానాన్ని పడగొట్టినప్పుడు 11 కేవీ లైన్లు ఎక్కి సరిచేసింది ఎవరు? లైన్‌మెన్లు, ఎక్కువమంది ఐటీఐ చదివిన ఊరి పిల్లలు. ప్రమాదం ఉన్న పనికి తర్బియత్ ఇస్తారు, తాళం వేయరు. 11,000 వోల్టులకి నేర్పించగలిగిన సమాజానికి 201 వోల్టులకి నేర్పించడం చేతకాదా?

అసలు తాళం ప్రమాదం గురించి కాదని కోర్టు కాగితాలే చెప్తాయి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లకి పైగా జుర్మానా వేసింది. షంషేర్ కటారియా అనే ఒక్క వ్యక్తి వేసిన ఫిర్యాదు అది. విడిభాగాలు, జబ్బు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకి అందకుండా అడ్డుకుంటున్నారన్నది నేరం. వాటిని బజారులో అందుబాటులో పెట్టమని హుకుం. తర్వాత అప్పీళ్లు నడిచాయి, 2016లో ట్రిబ్యునల్ కొన్ని కంపెనీలకి జుర్మానా తగ్గించింది కూడా. ఆ హుకుం ఏడు రోడ్ల జంక్షన్ దాటి మన షెడ్డు దాకా వచ్చిందా? 2022లో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ కమిటీ వేసింది, ఆ డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. తెరిచి చూడండి, కంపెనీల కస్టమర్ కేర్ దారులే ఎక్కువ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఓటు వేసి మరీ ఈ హక్ తెచ్చుకుంది. మన దగ్గర హక్ కాగితం మీద ఉంది, స్కానర్ తాళం కంపెనీ చేతిలో ఉంది.

హుకూమత్ సంగతి వేరే చెప్పాలా? 2015లో ఫేమ్ పథకం కింద మైల్డ్ హైబ్రిడ్లకి సబ్సిడీ ఇచ్చి కొనమంది. 2017 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. అదే జూలైలో జీఎస్‌టీ వచ్చి హైబ్రిడ్ల మీద 28 శాతం, పైన 15 శాతం సెస్సు వేసింది. కొనేటప్పుడు ‘పర్యావరణ ప్రేమికుడు’, రెండేళ్లకి ‘లగ్జరీ బాబు’! ఈ ఆటలో పాత బండి మరమ్మతు నేర్పించాలన్న ఖయాల్ ఎవరికీ రాలేదు. కనీసం 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత ప్యాక్‌ల బాధ్యత తయారుదారుడిది. మీరు ప్యాక్ మారిస్తే పాతది ఎక్కడికి పోయిందో అడిగారా? అందులో నికెల్ ఉంది, ధర ఉంది. ఇరవై మంచి మాడ్యూళ్లున్న ప్యాక్‌ని ‘డెడ్’ అని ఉంచేసుకుని, మళ్లీ ఎవరికో అమ్మే దందా సంగతి మీ ఊహకే వదిలేస్తున్నా.

భాషా ఒక గోడే. నేను ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగు పట్టుకున్నవాణ్ణి, రెండు భాషల్లోనూ ఏం దొరకదో నాకు బాగా తెలుసు. మన షెడ్లలో పనిచేసే పిల్లల్లో ఉర్దూ చదివేవాళ్లున్నారు, తెలుగు చదివేవాళ్లున్నారు, ఏదీ సరిగా రానివాళ్లూ ఉన్నారు. రిపేర్ మాన్యువల్ ఇంగ్లీషులో. దాని వెనక కూడా చందా కట్టాల్సిన తాళం. ఉస్తాద్ తన ఇల్మ్ కాగితం మీద పెట్టడు, శాగిర్ద్ స్పానరు దెబ్బలు తింటూ నేర్చుకోవాలి. కార్బురేటర్ల రోజుల్లో అది చెల్లింది. చెవి పెట్టి వింటే జబ్బు తెలిసేది. వోల్టేజీ చెవికి వినపడదు. మీటరు, బ్లూటూత్ స్కానర్, డాక్టర్ ప్రియస్ లాంటి ఫోన్ యాప్, మంచి గ్లౌజుల జత. ఇవన్నీ కలిపినా షెడ్డు ముందు కట్టే ఫ్లెక్సీల ఖర్చుకి మించి పెద్దగా అవదు. అంజుమన్‌లు ఏటా మెరిట్ పిల్లలకి షీల్డులు ఇస్తున్నాయి, మంచిదే. ఒక ఏడాది షీల్డులు ఆపి, రెండు జిల్లాల్లోంచి పదిమంది షెడ్డు కుర్రాళ్లని పంపి ఈ పని నేర్పించండి. రేపు రోడ్ల మీద ఉండేవి బ్యాటరీ బళ్లే. ఈ పాత హైబ్రిడ్ల మీద చేయి తిరగనివాడికి అప్పుడు టైరు పంచరే గతి, దానికి కూడా పోటీ ఉంటుంది.

బండి యజమానులూ కొంత పని పెట్టుకోవాలి. మార్చాలన్నవాడిని, కంపెనీవాడైనా షెడ్డువాడైనా, మూడు అంకెలు కాగితం మీద అడగండి. చిన్న బ్యాటరీ వోల్టేజీ ఎంత? ఏ జత ఎంత చూపింది? పట్టీలు, ఫ్యాన్ విప్పి చూశారా, చూస్తే ఫోటో ఏది? ‘మా దగ్గర అలా రాసివ్వరండి’ అంటే, ఆ మాటే బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి.